బొగ్గు సీమ జీపుకు రెండో ఇంజిన్

మంచిర్యాల గతం గురించి రాసేవాళ్లు మామూలుగా మూడు చోట్ల ఆగుతారు. 1929లో పూర్తయిన కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, బెల్లంపల్లి నుంచి మందమర్రి, శ్రీరాంపూర్ల దాకా పరుచుకున్న సింగరేణి గనులు, ఊరి పక్కనే వెలిసిన సిమెంటు ఫ్యాక్టరీ. మూడూ పెద్ద విషయాలే, వాటి మీద రాయాల్సింది ఇంకా ఉంది. కానీ స్టేషన్ నుంచి గని దాకా, గని నుంచి అడవి పల్లె దాకా మనుషుల్ని మోసిన మోటారు బండ్ల గురించి, వాటి బానెట్ కింద జరిగిన మార్పుల గురించి రాసినవాళ్లు అరుదు. పాత జీపులోంచి పెట్రోల్ ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించే పని దేశమంతటా జరిగింది. ఉత్తర తెలంగాణలోని మోటారు షెడ్లలోనూ అది దశాబ్దాల పాటు మామూలు పనే. పాత బండికి ఏ ఇంజిన్ పెట్టాలనే ప్రశ్నకు జవాబు బండి చెప్పదు, ఇంజిన్ బలం కూడా చెప్పదు, ఊరు చెబుతుంది అన్నది నా వాదన. ఆ ఊళ్లో ఏ ఇంజిన్‌కు సామాను దొరుకుతుంది, దేన్ని విప్పి బిగించగల చేతులున్నాయి, రేపు దారిలో ఆగిపోతే ఎవరు వచ్చి బాగుచేస్తారు అన్న లెక్కలే చివరి మాట చెప్పాయి. అందువల్ల మారిన ఇంజిన్‌ను ఆ ఊరి చరిత్రకు సాక్ష్యంగా చదవాలి.

ఈ మాట మన దగ్గరి పేదరికానికే వర్తిస్తుందనుకుంటే పొరపాటు. డబ్బుకు కొదవలేని అమెరికా వ్యవహారమే చూడండి. అక్కడ మజిల్ కార్ అనే తరగతికి 1964 నాటి పాంటియాక్ జీటీవోను మొదటిదిగా చెబుతారు. మధ్యరకం కారులో 389 ఘనపుటంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల వీ8 ఇంజిన్ కూర్చోబెట్టిన బండి అది. అలాంటి కార్ల ఇంజిన్లు అరిగిపోయాక యజమానికి రెండు దారులు కనిపిస్తాయి: ఫ్యాక్టరీ వేసిన నంబరున్న ఇంజిన్‌నే బాగుచేయించుకోవడం, లేదా వేరేది తెచ్చి పెట్టడం. రెండో దారి పట్టినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి షెవ్రొలె స్మాల్ బ్లాక్ వీ8నే ఎంచుకున్నారు. పోటీ కంపెనీ ఫోర్డ్ బండ్లలో కూడా దాన్నే పెట్టారు. 1955లో 265 ఘనపుటంగుళాలతో మొదలైన ఆ ఇంజిన్ 1967కల్లా 350కి పెరిగింది, కానీ దాని పునాది కొలతలు దశాబ్దాల పాటు నిలకడగా ఉన్నాయి. ఒక ఏడాది ఇంజిన్ సామాను ఇంకో ఏడాది ఇంజిన్‌కు చాలావరకు పట్టేది. అంతకంటే బలమైన ఇంజిన్లు లేక కాదు, ప్రతి ఊరి తుక్కు యార్డులోనూ అది దొరకడం వల్లే గెలిచింది. 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్ వంశం ఆ తర్వాత దాని స్థానాన్ని ఆక్రమించిందంటే, ఆ ఇంజిన్లు పికప్ ట్రక్కుల్లో లక్షలాదిగా తిరిగి, ఆ ట్రక్కులు పాడై తుక్కుకు చేరాకే. హార్స్ పవర్ గురించి ఎంత మాట్లాడుకున్నా, దొరకడమే అక్కడా నిర్ణయించింది.

అమెరికన్ బండ్లు మన దేశానికి కొత్తవి కావు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయి శివ్డీలో కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టింది. ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్‌లను, హిందుస్థాన్ మోటార్స్ స్టూడిబేకర్‌ను బిగించి అమ్మాయి. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడే తయారుచేసే పథకం లేని కంపెనీలకు చోటు లేదని ప్రభుత్వం తేల్చడంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ దుకాణం కట్టేశాయి. దాంతో పెద్ద పెద్ద అమెరికన్ కార్లు సామాను దొరకని అనాథలయ్యాయి. వాటి మధ్య ఒక్క అమెరికన్ బండి మాత్రం ఇక్కడ వేళ్లూనుకుంది. అది విల్లీస్ జీపు. 1945లో మొదలైన మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో దాన్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టి, మెల్లమెల్లగా సామాను కూడా ఇక్కడే తయారుచేసుకుంది. యుద్ధకాలపు జీపులో ఉన్న గో డెవిల్ ఇంజిన్ 134 ఘనపుటంగుళాలది, అంటే 2.2 లీటర్లది, బలం 60 హార్స్ పవర్. పిస్టన్ వెడల్పు 79 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ నడిచే దూరం 111 మిల్లీమీటర్లు. నడక అంత పొడుగు కావడం వల్ల నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే గట్టి లాగుడు ఇచ్చే ఇంజిన్ అది. బురదలోంచి బయటపడటానికి కావలసిన గుణమే.

ఈ జీపు చరిత్రలోనే ఇంజిన్ మార్పిడి ఉంది. విల్లీస్ కంపెనీ అదే బ్లాకు మీద ఇన్‌లెట్ వాల్వులను పైకి మార్చి హరికేన్ అనే ఇంజిన్ చేసింది. బలం 70 హార్స్ పవర్ దాటింది కానీ ఎత్తు పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు. 1953లో వచ్చిన సీజే-3బీ మోడల్‌కు బానెట్‌నే ఎత్తు చేశారు. మన ఊళ్లలో ముప్పై నలభై ఏళ్ల పాటు కనిపించిన జీపుకు ఆ ఎత్తయిన, పెట్టె లాంటి ముక్కు అలా వచ్చిందే. ఇంజిన్ కోసం బండి రూపాన్ని మార్చడం తయారీదారుకు తప్పు కానప్పుడు, అదే పని తర్వాత మంచిర్యాల మేస్త్రీ చేస్తే అది వేరే జాతి పని ఎలా అవుతుంది? పైగా అలా ఎత్తు చేసిన బానెట్ కింద మిగిలిన ఖాళీయే తర్వాత డీజిల్ ఇంజిన్లకు చోటిచ్చింది. గో డెవిల్ ఉన్న చదునైన బానెట్ జీపుల కంటే సీజే-3బీలో మార్పిడి తేలికయింది.

ఇక ఈ ప్రాంతానికి జీపు ఎందుకు కావలసి వచ్చిందో చూడాలి. గోదావరికి ఉత్తరాన పాత ఆదిలాబాద్ జిల్లా నేలలో నల్లరేగడి ఎక్కువ. వాన పడితే ఆ నేల చక్రాన్ని వదలదు. మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట మీదుగా జన్నారం, ఉట్నూరు వైపు పోయే దారి కవ్వాల్ అడవిలోకి ఎక్కుతుంది. చెన్నూరు వైపు పోతే ప్రాణహిత. మధ్యలో లెక్కకు మించిన వాగులు. వంతెనలు రాకముందు వానాకాలంలో వాగు దాటాలంటే ఎడ్లబండి, కాదంటే జీపు. అటవీ శాఖకు, పోలీసులకు, రెవెన్యూ వాళ్లకు, సింగరేణి అధికారులకు జీపే ప్రధాన వాహనం. ఆ శాఖలు వాడి వదిలేసినవి, మిలిటరీ డిస్పోజల్‌లో వేలం పాడినవి ప్రైవేటు చేతుల్లోకి వచ్చాయి. బస్సు పోని పల్లెలకు మనిషికింత అని తీసుకుని జనాన్ని చేరవేసినవి ఇవే. ఇలాంటి బండికి అసలు ఖర్చు కొనుగోలు ధర కాదు, రోజూ పోసే నూనె. 1973 అక్టోబరు యుద్ధం తర్వాత ముడి చమురు ధర బ్యారెల్‌కు మూడు డాలర్ల దగ్గర్నుంచి 1974 జనవరికల్లా పదకొండు డాలర్లు దాటింది. మన ప్రభుత్వం పెట్రోల్‌ను విలాస వస్తువుగా చూసి పన్ను పెంచుకుంటూ పోయింది. రైతు, లారీ, బస్సు వాడేదని డీజిల్ ధర తక్కువగా ఉంచింది. పెట్రోల్ జీపు కిరాయికి తిప్పడం ఆ రోజు నుంచి నష్టాల బేరమైంది.

డీజిల్ అని నిర్ణయం జరిగిపోయింది సరే, ఏ డీజిల్? అసలు విషయం ఇక్కడే ఉంది. మొదటి జవాబు పొలంలోంచి వచ్చింది. మహీంద్రా కంపెనీ 1963లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టింది, బీ-275 ఆ కాలపు పేరున్న ట్రాక్టర్. ఆ ఇంజిన్ వంశంలోదే 2,350 సీసీ డీజిల్‌ను 1970ల మధ్యలో కంపెనీ తన జీపులో పెట్టింది. కంపెనీ పెట్టకముందే దారి స్పష్టంగా ఉంది. కడెం కాలువ నీళ్లు జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట పొలాలకు పారుతున్నాయి, శ్రీరాంసాగర్‌తో కరీంనగర్ వైపు సాగు పెరిగింది, ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టర్ ఉన్నచోట దాని పంపు, నాజిల్, పిస్టన్ సెట్టు తెలిసిన మెకానిక్ కూడా ఉంటాడు. కానీ ఆ ఇంజిన్‌కు ఒక లోపముంది. అది బరువైనది, నెమ్మదిగా తిరిగేది. జీపు వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ నిష్పత్తి 5.38, అంటే షాఫ్టు అయిదుం పావు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చురుగ్గా తిరిగే పెట్రోల్ ఇంజిన్‌కు పెట్టిన ఆ నిష్పత్తికి నెమ్మది ఇంజిన్ తగిలిస్తే లాగుడు బ్రహ్మాండంగా ఉంటుంది, వేగం మాత్రం పడిపోతుంది. వాగులో సరిపోయిన బండి మంచిర్యాల–కరీంనగర్ తారు రోడ్డు మీద వెనకబడుతుంది.

రెండో జవాబు ప్యూజో. 1979లో మహీంద్రా ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో నుంచి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజిన్‌కు లైసెన్సు తీసుకుంది, ఇగత్‌పురిలో తయారీ మొదలైంది. ఆ పేరులోనే కొలత ఉంది: నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని వెడల్పు 90 మిల్లీమీటర్లు. పిస్టన్ నడక 83 మిల్లీమీటర్లే. లెక్కగడితే 2,112 సీసీ. బలం 62 హార్స్ పవర్, అంటే యుద్ధకాలపు విల్లీస్ ఇచ్చిన 60కి కాస్త పైన మాత్రమే. ఈ అంకె మీద ఆగి ఆలోచించాలి. బలం పెంచుకోవడం కోసమే అయితే ఈ మార్పిడికి అర్థమే లేదు. హరికేన్ ఇంజిన్ దించి ప్యూజో ఎక్కించినవాడు కాగితం మీద బలం పోగొట్టుకున్నాడు. కానీ నడక తక్కువ కాబట్టి ప్యూజో చురుగ్గా తిరుగుతుంది, పాత జీపు వెనక నిష్పత్తికి ట్రాక్టర్ ఇంజిన్ కంటే బాగా నప్పుతుంది. ఎంఎం540 లాంటి కొత్త జీపులు అదే ఇంజిన్‌తో రోడ్డెక్కాక దాని సామాను ప్రతి పట్నంలోనూ దొరికింది. యాక్సిడెంటయిన కొత్త జీపు ఇంజిన్ పాత జీపుకు చేరింది. మెకానిక్ దాన్ని రోజూ చూస్తున్నాడు. షెవ్రొలె వీ8 అమెరికాలో ఎందుకు గెలిచిందో ప్యూజో ఇక్కడ అందుకే గెలిచింది.

ప్యూజోకు పోటీ లేకపోలేదు. టెంపో కంపెనీ 1980ల్లో మెర్సిడెస్ నుంచి లైసెన్సు తీసుకుని చేసిన ఓఎం616 ఇంజిన్ 2.4 లీటర్లది. గట్టితనంలో, ఆయుష్షులో ప్యూజో కంటే మేలని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, ఆ మాటలో నిజముంది. అయినా జీపులో అది రెండో స్థానానికే పరిమితమైంది, ఎందుకంటే దాన్ని జీపు గేర్ బాక్సుకు కలపడానికి అదనపు పని చాలా ఉంది. అంబాసిడర్ కథ ఇంకా తేటగా ఉంటుంది. 1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ అందులో డీజిల్ ఇంజిన్ పెట్టింది, అది కూడా పెట్రోల్ ఇంజిన్ లాగే 1,489 సీసీ, అదే బ్రిటిష్ వంశం. బలం 37 హార్స్ పవర్ చుట్టూ మాత్రమే. నలుగురు ఎక్కి ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడే బండి. అయినా ట్యాక్సీవాళ్లు ఎగబడ్డారు, పాత పెట్రోల్ అంబాసిడర్లకు కూడా దాన్నే తెచ్చి పెట్టుకున్నారు. సులువుగా కూర్చునేది, సామాను దొరికేది గెలిచింది.

కలపడం అన్న పనిని దగ్గర్నుంచి చూస్తే ఈ లెక్క ఎంత కచ్చితమైనదో అర్థమవుతుంది. ఇంజిన్ వెనక ముఖానికి, గేర్ బాక్సు బెల్ హౌసింగ్‌కు బోల్టు రంధ్రాలు కలవకపోతే మధ్యలో ఒక మందపాటి ఇనుప ప్లేటు కోయించాలి. దానికి ఒకవైపు ఇంజిన్ రంధ్రాలు, ఇంకోవైపు గేర్ బాక్సు రంధ్రాలు. క్రాంక్ షాఫ్టు కేంద్రం, గేర్ బాక్సు షాఫ్టు కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ ప్లేటు కొన్ని నెలల్లో ముక్కలవుతుంది, పైలట్ బేరింగ్ కేకపెడుతుంది. ఫ్లైవీల్ లోతు సరిపోకపోతే లేతు మీద చెక్కించాలి. తర్వాత ఛాసిస్ మీద ఇంజిన్ కూర్చునే ఫౌండేషన్లు కోసి కొత్తచోట వెల్డింగ్ చేయాలి, ముందు ఇరుసు పైకి లేచినప్పుడు సంపుకు తగలకుండా చూడాలి, రేడియేటర్‌ను ముందుకు జరపాలి. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ కంటే ఎక్కువ కంపిస్తుంది, కాబట్టి రబ్బర్లు మార్చాలి. గనుల మూలంగా లేత్ వర్క్స్, వెల్డింగ్, ఫిట్టర్ పని తెలిసిన మనుషులు బొగ్గు పట్టణాల్లో మొదటి నుంచీ ఎక్కువ. మొరటుగా కనిపించే ఈ మార్పిడి వెనక గని వర్క్‌షాపు నేర్పిన కొలత పట్టింపు ఉంది. మారిన జీపు డ్యాష్‌బోర్డు చూస్తే ఇంకో గుర్తు దొరుకుతుంది. పెట్రోల్ బండి తాళంచెవి తిప్పితే ఆగుతుంది, మంట పుట్టించే కరెంటు ఆగుతుంది కాబట్టి. పాత డీజిల్ అలా ఆగదు, పంపులో నూనె కట్టేయాలి. అందుకని రేకుకు ఒక రంధ్రం వేసి, లాగితే ఇంజిన్ ఆగే తీగను బిగించారు. పక్కనే హీటర్ ప్లగ్గుల స్విచ్చు. విల్లీస్ డ్రాయింగులో లేని ఆ రెండు రంధ్రాలు ఈ బండి ఒకసారి చేయి మారిందని చెబుతాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇందులో ఎంపిక ఎక్కడుంది, నూనె ధర తరిమింది, జనం పరిగెత్తారు, అంతే కదా అంటారు. ధర తరిమిన మాట నిజం. కానీ ధర ఒక్కటే కారణమైతే ఏం జరుగుతుందో చూపించే ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోల్‌కు రేషన్ వచ్చినప్పుడు బస్సుల వెనక కొలిమి లాంటి డ్రమ్ము తగిలించి, కట్టెబొగ్గును కాల్చి, ఆ వాయువుతో ఇంజిన్ నడిపారు. తెలుగు నేల మీద బొగ్గు బస్సు మాట పెద్దవాళ్లకు గుర్తే. అది పూర్తిగా నూనె కొరత పుట్టించిన ఏర్పాటు. పెట్రోల్ దొరికిన వెంటనే డ్రమ్ములు ఊడిపోయాయి, ఒక్క మెకానిక్ కూడా దాన్ని వృత్తిగా నిలుపుకోలేదు. డీజిల్ మార్పిడి అలా పోలేదు. 2010లో పెట్రోల్ ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక రెండింటి మధ్య తేడా బాగా తగ్గింది. అయినా మార్చిన జీపుల్లోకి పెట్రోల్ ఇంజిన్లు తిరిగి రాలేదు. సామాను, చేతులు, అలవాటు అప్పటికే డీజిల్ చుట్టూ స్థిరపడ్డాయి. పైగా డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు, డిస్ట్రిబ్యూటర్ లేవు, వాగు నీళ్లు చిమ్మినా ఆగిపోదు. ఈ ప్రాంతానికి ఆ ఒక్క గుణం తక్కువ విలువైనది కాదు.

రెండో అభ్యంతరం చట్టానిది, భద్రతది. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. బరువైన ఇంజిన్ ముందుకు చేరితే పాత డ్రమ్ము బ్రేకుల మీద, స్టీరింగ్ మీద భారం పెరుగుతుంది. దొంగిలించిన బండి ఇంజిన్ ఇంకో బండిలో దాగే ప్రమాదం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మొదట్లో రవాణా అధికారి అనుమతితో మార్పులకు దారి ఉంచింది. 2000లో సవరణ తర్వాత, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని బిగించింది, ఆమోదం పొందిన ఇంధన కిట్లకు మాత్రం వెసులుబాటు ఇచ్చింది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. నేడు ఎవరైనా పాత జీపుకు తోచిన ఇంజిన్ పెట్టుకోవాలని నేను అనడం లేదు. పొగ, ప్రాణం, దొంగతనం మూడూ నిజమైన సమస్యలు. నేను మాట్లాడుతున్నది 2000 సవరణ నాటికే జరిగిపోయిన మార్పుల గురించి, వాటిలో చాలావాటిని ఆనాటి అధికారులే ఒప్పుకుని ఆర్సీలో ఎక్కించారు.

అసలు నష్టం మూడో అభ్యంతరం వైపు నుంచి వస్తోంది. పాత బండ్ల ప్రేమికులు అసలు రూపానికే విలువ అంటారు. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా అదే పట్టుకున్నాయి: మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటాలి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజిన్‌లో గాని పెద్ద మార్పు ఉండకూడదు. హైదరాబాద్‌లో ఎండ తగలకుండా దాచిన నవాబు గారి కారుకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. దాని జీవితమే మారకుండా ఉండటం. పనిచేసి బతికిన జీపుకు సరిపోదు. పదిహేనేళ్లు పెట్రోల్‌తో, నలభై ఏళ్లు ప్యూజోతో తిరిగిన సీజే-3బీకి ఏది అసలు రూపం? దాన్ని కొని, ఎక్కడి నుంచో హరికేన్ ఇంజిన్ తెచ్చి పెట్టి, డ్యాష్‌బోర్డు రంధ్రాలు పూడ్చి రంగు కొట్టిస్తే బండి మెరుస్తుంది, కానీ ఉట్నూరు దారిలో అది గడిపిన నాలుగు దశాబ్దాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఒరిజినల్ తరగతి ఉండాల్సిందే, దాన్ని కాదనను. దాని పక్కన, చట్టం కఠినం కాకముందు అనుమతితో మారిన బండ్లకు, మార్పు తేదీతో సహా వేరే తరగతి ఉండాలని అడగడంలో అన్యాయం లేదు.

ఆ తేదీలు దొరికే చోటు ఒకటుంది. పాత చట్టం కింద మార్పుకు అనుమతి ఇస్తే రవాణా కార్యాలయం ఆ విషయాన్ని రిజిస్టర్లో నమోదు చేసేది. 2016 అక్టోబరులో మంచిర్యాల వేరే జిల్లా అయ్యేదాకా ఈ ప్రాంతపు బండ్లన్నీ ఆదిలాబాద్ కిందే, 1989 నుంచి 2014 దాకా ఏపీ 01 నంబరుతో. ఆ పాత రిజిస్టర్లలో ఛాసిస్ నంబరు ఒక దశాబ్దానిది, ఇంజిన్ నంబరు మరో దశాబ్దానిది అయిన వరుసలు ఏరి ఒకచోట పెడితే, ఏ ఏడాది ఎన్ని బండ్లు మారాయో, ట్రాక్టర్ ఇంజిన్ ఎప్పుడు తగ్గి ప్యూజో ఎప్పుడు పెరిగిందో, ఏ శాఖ డిస్పోజల్ జీపులు ఏ మండలానికి చేరాయో చదువుకోవచ్చు. యూనివర్సిటీ చరిత్ర శాఖలో ఒక పరిశోధక విద్యార్థికి ఇది రెండేళ్ల పని. కాగితాలు తుక్కుకు పోకముందే మొదలుపెట్టాలి.